మా ప్లగ్గు మంచివాడు

మా తమ్ముడి గురించి ఎవరినడిగినా మంచివాడంటారు. నన్నడిగితే, "కూర్చోండి, చెబుతాను" అంటాను. నాకు నోటి దురుసని పేరుంది కాబట్టి నా మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అయినా చెప్పకుండా ఉండలేను. వాణ్ణి ఎత్తుకుని తిప్పింది నేను, అన్నం పెట్టింది నేను, ఉద్యోగం ఇప్పించింది నేను. వాడి గురించి చెప్పే హక్కు నాకు కాకపోతే ఇంకెవరికుంది?

ప్లగ్గు అన్నది అమ్మ పెట్టిన ముద్దుపేరు. అసలు పేరు వాడి సర్టిఫికెట్లలో భద్రంగా ఉంది, అక్కడే ఉండనివ్వండి. నాన్న మాకు గుర్తు లేడు. అమ్మ పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పనికి పోయేది. మేముండే ఒంటిగదిలో కిటికీ కింద ఒకే ఒక ప్లగ్గు ఉండేది. వీడు బడి నుంచి రాగానే దాని ముందు చతికిలబడి, లోపల ఎవరో ఉన్నట్టు ఆ కన్నాల్లోకి చూస్తుండేవాడు. ఒకరోజు పిన్నీసు తీసి అందులో పెట్టాడు. నేను స్టవ్వు దగ్గరున్నాను. కేక విని తిరిగి చూస్తే వీడి చెయ్యి అతుక్కుపోయి, మనిషి గజగజ వణికిపోతున్నాడు. చెక్కపీట అందుకుని ఒక్క తోపు తోశాను. ఎగిరి మంచం కోడుకి గుద్దుకున్నాడు. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి కట్టింది గానీ ప్రాణం దక్కింది.

అమ్మ వచ్చి బొప్పి చూసింది. ఏమైందని అడిగింది. వీడు నోరు విప్పలేదు. "నేనే తోశానమ్మా" అన్నాను, ఎందుకు తోశానో చెప్పబోయాను. అమ్మ అంతవరకూ ఆగలేదు, నా వీపు విమానం మోత మోగించింది. వీడు తలుపు చాటున నిలబడి చూశాడు. దెబ్బలయ్యాక మెల్లగా వచ్చి తన బిస్కట్టు నా చేతిలో పెట్టాడు. అది చూసిన పక్కింటావిడ, "అబ్బ, అక్కంటే ఎంత ప్రేమో పిల్లాడికి!" అని బుగ్గలు నొక్కుకుంది. ఆ మర్నాడు ఇల్లు ఊడుస్తుంటే అమ్మకి ప్లగ్గులో కాలిపోయిన పిన్నీసు కనబడింది. అమ్మ వాణ్ణి దగ్గరకు తీసుకుని, "ఓరి నా ప్లగ్గూ!" అని ముద్దు పెట్టుకుంది. నా దెబ్బలు మాత్రం ఎవరూ వాపసు తీసుకోలేదు.

నేను నర్సు చదువు పూర్తిచేసి ఆసుపత్రిలో చేరిన ఏడాదే అమ్మ పోయింది. వీడు అప్పటికి వైర్లు లాగే పని నేర్చుకున్నాడు. బుద్ధిమంతుడే, చేతిలో పని ఉంది, కానీ నోట్లో నాలుక లేదు. ఎక్కడ చేరినా అందరి పనీ వీడి నెత్తిన వేసేవారు, పేరు ఇంకొకరికి పోయేది. చూసి చూసి నాకే ఒళ్ళు మండి, మా ఆసుపత్రి మేనేజరు కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి అక్కడే పెట్టించాను. "మా వాడు బంగారమండీ, మాట్లాడడం రాదంతే" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మాట్లాడడం రాదు! ఎక్కడ ఎంత మాట్లాడాలో వాడికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

వాడి పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. తమ్ముడు స్విచ్చులు చూసుకుంటాడు అంటే మా వీధివాళ్ళు ఫ్యాను తిరగడం లేదు, ఒకసారి పంపమ్మా అనేవారు. ఇవి ఆ స్విచ్చులు కావు. ఆసుపత్రిలో మెట్ల కింద ఒక ఇరుకు గది ఉంది. దాన్నిండా ఇనప పెట్టెలు, పెట్టెకు ముందువైపు వరసగా కన్నాలు, కన్నానికో తీగ, తీగ పక్కన మిణుకుమిణుకుమనే పచ్చ లైటు. ఆ తీగలు గోడల్లో పాకి ప్రతి గదిలోని ఫోనుకీ, వరండాల్లోని కెమెరాలకీ చేరతాయి. మాటా ఆ తీగలోనే పోతుంది, కరెంటూ అందులోనే పోతుంది. ఫోనుకి వేరే ప్లగ్గు అక్కర్లేదు. ప్లగ్గు అనే పేరున్నవాడికి ప్లగ్గులే అక్కర్లేని పని దొరికిందని నేను ఎగతాళి చేసేదాన్ని.

వాడికి పెళ్ళి కాకముందు మధ్యాహ్నం భోజనానికి నా దగ్గరికే వచ్చేవాడు. ఒకసారి అన్నం పెడుతూ ఊరికే అడిగాను. "ఏ వస్తువుకి ఎంత కరెంటు ఇవ్వాలో ఆ పెట్టెకెలా తెలుస్తుందిరా?"

వాడి మొహం వెలిగిపోయింది. పని గురించి అడిగితే చాలు, వాడి నోటికి ఎక్కడలేని మాటలూ వచ్చేవి.

"అవే చెప్పుకుంటాయక్కా. తీగ పెట్టగానే ఫోను, 'నేను ఫోన్ని, నాకింత చాలు' అంటుంది. కెమెరా, 'నేను కెమెరాని, నాకింకాస్త కావాలి' అంటుంది. పెట్టె అది విని ఎవరికి కావలసింది వాళ్ళకిస్తుంది. నువ్వు వడ్డించినట్టే. నేనెంత తింటానో నీకు తెలుసుగా?"

"మరి అవి చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎవరెంత తింటారో దానికి తెలీదు కదా. ఒక్కొక్కరికీ నిండా పళ్ళెం తీసి పక్కన పెట్టేస్తుంది. తినేది పిడికెడే అయినా సరే, ఆ పళ్ళెం ఇంకొకరికివ్వదు. వరస చివర కూర్చున్నవాళ్ళ దగ్గరికొచ్చేసరికి గిన్నె ఖాళీ."

"ఛీ, ఇదేం దిక్కుమాలిన వడ్డనరా!"

"అందుకేగా నేనున్నది" అని నవ్వాడు. "ఇంకోటి కూడా ఉందక్కా. ఏవి ముఖ్యమో మనం ముందే పెట్టెకి చెప్పి ఉంచొచ్చు. కరెంటు చాలకపోతే ముఖ్యం కానివాటిని అదే ముందు ఆపేస్తుంది."

"మా రోగుల గదుల ఫోన్లు ముఖ్యమేగా?"

"అవి కాకపోతే ఇంకేవక్కా!" అన్నాడు. ఇంకో గరిటె అన్నం వేశాను.

తర్వాత వాడి పెళ్ళయింది. నా పెళ్ళి సంగతి అడక్కండి, వాడు ఒక దారిన పడ్డాక చూద్దామనుకున్నాను, చూసేసరికి నన్ను చూసేవాళ్ళు లేకుండా పోయారు. మరదలు మెతక మనిషి, "వదినా, వదినా" అంటూ నా కొంగు పట్టుకుని తిరిగేది. నాకు లోటేమీ అనిపించలేదు. నా వార్డు నాకుంది. ఎవరి నోట విన్నా ఆ సిస్టరు గట్టిది, నోరు పెద్దదే గానీ పిలిస్తే పలుకుతుంది అనేవారు. ఆ ఒక్క మాట మీదే బతికాను.

అలాంటి రోజుల్లో మా వార్డులో చివరి గదికి ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన బస్సు కండక్టరు. పొట్టకి ఆపరేషనయింది. ఇంట్లో కూతురు ఒక్కతే, ఆ అమ్మాయి పగలు పనికి పోయి సాయంత్రం వచ్చేది. ఆయన మా వార్డునే బస్సు చేసేశారు. నేను మందులిచ్చి గదిలోంచి కదలగానే మంచం పట్టీ మీద చేత్తో రెండు దెబ్బలు కొట్టి "రైట్ రైట్" అనేవారు. డాక్టర్లు గుంపుగా వస్తే, "ముందుకు జరగండి బాబూ, వెనక ఖాళీ ఉంది" అనేవారు. అంత పెద్ద డాక్టరూ నవ్వేసి ముందుకు జరిగేవాడు.

ఆయనకి తల తిరుగుడు ఉంది, ఒంటరిగా లేవకూడదు. ఆ మాట నేను చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. "కండక్టరుగారూ, లేవాలనిపిస్తే ఈ ఫోను మీద ఎర్ర బటన్ నొక్కండి. నేనొచ్చి పట్టుకుంటాను. మీ అంతట మీరు లేచారో, నా నోరు అసలే మంచిది కాదు."

"నొక్కుతానే సిస్టరమ్మా. నొక్కితే వస్తావుగా?"

"ఎందుకు రానండీ? రాకపోతే నన్నడగండి."

ఆ రోజు పొద్దున్న డ్యూటీ ఎక్కగానే రోజూలాగే ఆ గది ఫోను నొక్కి చూశాను. నా బల్ల మీది ఫోను మోగింది. మధ్యాహ్నం జనరేటరు పరీక్ష అని చెప్పి కాసేపు కరెంటు ఆపి మళ్ళీ ఇచ్చారు. లైట్లు పోయాయి, వచ్చాయి. అలాంటివి మాకు కొత్త కాదు. ఆ తర్వాత నేను బల్ల దగ్గరే కూర్చుని సాయంత్రం ఇవ్వాల్సిన మందులు సర్దుకుంటున్నాను. కదల్లేదు, మెదల్లేదు, కన్ను మూయలేదు. ఫోను మోగలేదు. ఇది ఎవరి ముందైనా, ఎన్నిసార్లైనా చెబుతాను. ఫోను మోగలేదు.

ధబ్బుమని చప్పుడైంది. పరుగెత్తాను. ఆయన బాత్రూం గుమ్మంలో పక్కకి ఒరిగి పడి ఉన్నారు. తుంటి దగ్గర కాలు ఉండకూడని తీరులో తిరిగిపోయింది. బట్టలు తడిసిపోయాయి. నన్ను చూసి ఆయన అరవలేదు, తిట్టలేదు. చిన్నపిల్లాడిలా కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఎంతసేపు నొక్కానమ్మా... ఎంతసేపు నొక్కాను... రాలేదేమ్మా?" అన్నారు.

నేను తలెత్తి గోడ మీది ఫోను చూశాను. దాని చిన్న తెర చీకటిగా ఉంది. రోజూ టైము కనబడే చోట ఏమీ లేదు. పక్క గది ఖాళీ, అందులో ఫోను కూడా అలాగే చచ్చి పడుంది. అది ఆ తర్వాత చూశాను.

వార్డు బాయ్‌లు, డాక్టరు, మా పెద్ద సిస్టరు అందరూ వచ్చారు. ఆ హడావిడిలో మా ప్లగ్గు సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి రావడం కనబడింది. నా గుండెకి ఎంత ధైర్యమొచ్చిందో! నా కోసమే పరుగెత్తుకొచ్చాడనుకున్నాను. వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "కంగారు పడకక్కా" అన్నాడు. "ఫోను చచ్చిపోయిందిరా" అన్నాను. "చూస్తానుండు" అని మళ్ళీ మెట్లు దిగి కిందికి పోయాడు. కాసేపటికి మేనేజరు వచ్చి గదిలోకి తొంగిచూసేసరికి ఫోను తెర మీద టైము చక్కగా వెలుగుతోంది.

ఆ మర్నాడు నన్ను మేనేజరు గదికి పిలిచారు. పెద్ద సిస్టరు ఒక పక్కన కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. తెర చీకటిగా ఉందని చెప్పాను. మేనేజరు నన్నేమీ అనకుండా మా వాణ్ణి పిలిపించాడు.

"ఆ గది ఫోనులో లోపమేమైనా ఉందా?"

మా ప్లగ్గు నేల చూశాడు. "ఇప్పుడే చూసొచ్చానండీ. బాగానే పనిచేస్తోంది."

"బటన్ నొక్కితే మోగుతోందా?"

"మోగుతోందండీ."

"ఇప్పుడు కాదురా, నిన్నటి సంగతి చెప్పు!" అని అరిచాను. వాడు నా వైపు చూడలేదు. మేనేజరు రెండు చేతులూ బల్ల మీద పెట్టి, ఎంతో జాలిగా, "మీ సొంత తమ్ముడే చెబుతున్నాడు కదమ్మా" అన్నాడు.

రోగి నొక్కానంటున్నాడు, ఫోను బాగుందని తమ్ముడంటున్నాడు, మధ్యలో నేనొక్కదాన్నే మోగలేదంటున్నాను. ఒంటరి ఆడది, మధ్యాహ్నం వేళ, కునుకు తీసుంటుందిలే అని అందరూ అనుకున్నారు. పెద్ద సిస్టరు నా చెయ్యి నొక్కి, "ఒప్పేసుకోవే, పోయేదేముంది" అంది. నేను ఒప్పుకోలేదు. పంపించేశారు. తర్వాత నాలుగు ఆసుపత్రుల మెట్లెక్కాను. ఎక్కడికెళ్ళినా, పాత చోట ఎందుకు మానేశారమ్మా అని అడగడం, ఫోను చేసి కనుక్కుంటామనడం, ఆ పైన ఉలుకూ పలుకూ లేకపోవడం. ఇప్పుడు ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిముట్లు కడుగుతున్నాను.

ప్లగ్గు మీద నాకు అప్పుడు కోపం రాలేదంటే నమ్ముతారా? వాడికి తెలిసింది వాడు చెప్పాడనుకున్నాను. పైగా వారానికోసారి మొగుడూ పెళ్ళాలిద్దరూ నా ఇంటికి వచ్చేవారు, సంచీ నిండా పళ్ళు తెచ్చేవారు. "అక్కా, నీకేం కావాలన్నా నేనున్నాను" అనేవాడు. ఎంత మంచివాడు!

ఒక ఆదివారం అలాగే వచ్చారు. మరదలికి నెలలు నిండాయి. ఇద్దరికీ వడ్డించాను. ఇద్దరు మనుషులు తింటున్నారు కదా ఆ పిల్లలో అని దానికి ఎక్కువే వేశాను, వీడికి వేశాను, నేను కూర్చోబోతూ చూసుకుంటే గిన్నె అడుగున మెతుకులు తప్ప ఏమీ లేవు. గరిటె అడుగుకి తగిలి గరగరమంది. ఆ చప్పుడుకి, ఎప్పుడో ఇదే చోట వీడు చెప్పిన వడ్డన సంగతి చటుక్కున గుర్తొచ్చింది. వరస చివరివాళ్ళు. చివరి గది. దాని పక్క గది.

"ఒరేయ్, ఆ రోజు మధ్యాహ్నం జనరేటరు పరీక్ష చేశారుగా?" అన్నాను.

వాడి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"అప్పుడు నీ పెట్టెలు ఆగి మళ్ళీ మొదలయ్యాయా?"

"అక్కా, తిననివ్వక్కా."

"తిను. తింటూనే చెప్పు."

పళ్ళెం పక్కకి జరిపాడు. తర్వాత చెప్పాడు. బయటినుంచి తనిఖీ మనుషులు వచ్చారట. తీగల్లో వస్తువులు తమ పేరూ ఊరూ ఇలా చాటుకుంటుంటే దొంగలకి దారి చూపినట్టే, ఆ మాటలు ఆపించండి అన్నారట. మేనేజరు ఇవాళే ఆపెయ్యమన్నాడట. వీడు పెట్టె మొత్తానికీ ఆ మాటలు ఒక్క దెబ్బలో ఆపేశాడు. అలా ఆపినప్పుడు ఒక్కో కన్నానికీ ఎంత కరెంటు ఇవ్వాలో మనిషే కూర్చుని పెట్టెకి చెప్పాలి. అది వీడికి తెలుసు. కానీ ఆపిన తర్వాత ఏదీ ఆగలేదు. అప్పటికే నడుస్తున్నవి తమకున్నదానితో నడుస్తూనే ఉన్నాయి. నడుస్తున్నదాన్ని ఇప్పుడెందుకు కదపడం, తీరిగ్గా చేద్దామనుకున్నాడు. ఆ తీరిక రాకముందే జనరేటరు పరీక్ష వచ్చింది. పెట్టె ఆగి మళ్ళీ లేచింది. ఎవరికెంతో తెలీక అందరికీ నిండా పళ్ళేలు తీసి పెట్టింది. చివరి రెండు గదులకీ ఏమీ మిగల్లేదు.

"మరి ముఖ్యమైనవి ముందే చెప్పి ఉంచొచ్చన్నావుగా?"

"మేనేజరు గారి గదీ, కెమెరాలూ పెట్టానక్కా. గదుల ఫోన్లు... తర్వాత పెడదామనుకున్నా."

"ఆ రోజు మెట్లు దిగి వెళ్ళి?"

"రెండు కెమెరాలు ఆపేశాను. దాంతో ఫోన్లు లేచాయి."

మరదలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. దానికీ తెలీదని మొహం చూస్తేనే అర్థమైంది. నేను గరిటె కింద పెట్టాను.

"మేనేజరు ముందు చెప్పలేకపోయావా, ఒరేయ్?"

"ఆయనకి తెలుసక్కా. ఆ రోజే చెప్పేశాను. యంత్రం తప్పంటే ఆసుపత్రి మొత్తం కోర్టు మెట్లెక్కాలి, మనిషి తప్పంటే మనిషితో పోతుంది అన్నారు. నేనేం చెయ్యను? నువ్వు నర్సువి. నర్సులు అందరికీ కావాలి, నీకు ఎక్కడైనా దొరుకుతుంది. నా పని అలా కాదు. వీడి వల్ల రోగి పడ్డాడని ఒక్కసారి పేరొస్తే నన్ను గడప తొక్కనిస్తారా? దీనికి చూస్తే నెలలు నిండాయి..."

"కరెంటు చాలనప్పుడు ముఖ్యం కానివాళ్ళని ముందు ఆపేస్తారన్నమాట" అన్నాను. "బాగుంది. నన్ను ఆపేశావు."

వాడు ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, వెక్కి వెక్కి. మరదలు లేవలేక లేవలేక లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "వదినా, మీ కాళ్ళకి మొక్కుతాను. బయట అనకండి వదినా. ఈ స్థితిలో నన్ను రోడ్డున పడెయ్యకండి" అంది. ఆ పొట్ట నా చేతికి తగులుతోంది. లోపల పిల్లో పిల్లాడో కదిలినట్టయింది. నేను నోటి దురుసుదాన్నే గానీ రాయిని కాదు.

"సరే" అన్నాను. "నాకు ఉద్యోగం వద్దు, ఆ మేనేజరు మొహమూ చూడక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళందరూ ఏమనుకున్నా పోనీ. ఆ కండక్టరుగారికి మాత్రం ఒక్క మాట చెప్పు. సిస్టరు నిద్రపోలేదండీ, ఫోను మోగలేదండీ అని. ఆయనొక్కరికి చెబితే చాలు. ఆయన నన్ను నమ్మి బటన్ నొక్కాడురా."

"చెబుతానక్కా. అమ్మ మీద ఒట్టు, చెబుతాను."

తర్వాత ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళితే మరదలు నా చెవిలో, "ఆయన వారం వారం కండక్టరు గారింటికి వెళ్ళొస్తున్నారు వదినా, మీ మాట నిలబెట్టారు" అని చెప్పింది. పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని, చాన్నాళ్ళ తర్వాత కడుపులోంచి నవ్వాను. పోనీలే, అంత పిరికివాడు ఆ మాత్రం చేశాడంటే గొప్పే అనుకున్నాను. వాడి మీద కోపం సగం దిగిపోయింది. ఇంకేం, ఒకసారి నేనూ వెళ్ళి ఆయన్ని పలకరించాలనిపించింది.

ఆ ఇల్లు రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన కూతురు నన్ను చూసి మొహం గంటు పెట్టుకుంది. "నాన్నా, ఆ నర్సు వచ్చింది" అని లోపలికి కేకేసి వంటగదిలోకి పోయింది. అదేమిటి, ఈ పిల్లకింకా కోపం పోలేదా, ఆయన కూతురికి చెప్పలేదేమో అనుకున్నాను.

ఆయన మంచానికి అంటుకుపోయి ఉన్నారు. ఆ తుంటి మళ్ళీ అతకలేదు. గడ్డం మాసింది. నన్ను చూడగానే మాత్రం కళ్ళు అలాగే మెరిశాయి.

"రా సిస్టరమ్మా, రా. సీటు ఖాళీగానే ఉంది, కూర్చో."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. తలగడ జారి ఉంటే చెయ్యి ఊరుకోక సరిచేశాను. తలగడ పక్కనే మంచం పట్టీకి ఒక తెల్లటి బటన్ బిగించి ఉంది.

"చూశావా, ఇది మీ తమ్ముడే తెచ్చి బిగించాడు. బ్యాటరీదట, కరెంటు పోయినా మోగుతుందట. మళ్ళీ మళ్ళీ చెప్పాడు, కరెంటు పోయినా ఫరవాలేదు తాతగారూ అని." ఆయన దాన్ని నొక్కారు. వంటగదిలో గంట మోగింది. కూతురు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి చూసి, నా మొహం చూడకుండా వెనక్కి పోయింది. "ఆ అబ్బాయి దేవుడమ్మా. వారం తప్పడు. పళ్ళు తెస్తాడు, గడ్డం గీస్తాడు, నా కాళ్ళు పిసుకుతాడు."

"మీకు అంతా చెప్పాడుగా కండక్టరుగారూ?"

"చెప్పాడమ్మా. అంతా చెప్పాడు."

నా గుండె మీంచి బండ దిగిపోయింది. కళ్ళు తుడుచుకుని, "నాకదే చాలండీ. ఆ రోజు ఫోను మోగితే నేను రాకుండా..." అంటుండగానే ఆయన నా చేతి మీద చెయ్యి వేసి తట్టారు.

"ఉండమ్మా, ఉండు. నువ్వా మాట అంటావని కూడా చెప్పాడు. 'మా అక్క ఎప్పుడైనా వచ్చి ఫోను మోగలేదంటుందండీ. పాపం, ఆవిడ మనసుకి అదొక్కటే ఊరట. మీరు కాదనకండి' అన్నాడు. నేనెందుకు కాదంటాను? మోగలేదులే. మోగలేదనే అనుకుందాం."

ఆయన చేతి కింది నుంచి నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మనిషన్నాక కునుకు పట్టదా? రాత్రి బస్సుల్లో నాకెన్నిసార్లు పట్టిందో. మొదట్లో నీ మీద కోపం ఉండేదమ్మా, దాచుకోను. మీ తమ్ముడు ఇదిగో, ఈ మంచం పక్కన కూర్చుని, మా అక్కని క్షమించండి, మా అక్కని క్షమించండి అని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు చూసి నా మనసు కరిగిపోయింది. ఎప్పుడో క్షమించేశాను. అలాంటి తమ్ముడుండడం నీ అదృష్టం."

నా నోరు మంచిది కాదని మొదట్లోనే చెప్పాను. ఆ నోరు ఆ రోజు పెగల్లేదు. ఇంటికప్పు ఎగిరిపోయేలా అరవాలనిపించింది. కానీ ఏమని అరవను? నేనేమన్నా అది వాడు ముందే చెప్పి పెట్టిన మాటే అవుతుంది. తమ్ముడి తప్పండీ అంటే, పాపం వెర్రిది, అంత మంచి తమ్ముడి మీదికే తోసేస్తోంది అంటారు. వంటగదిలో కూతురు గిన్నెలు ఎత్తి కుదేస్తోంది. లేచి నిలబడ్డాను.

"వెళ్ళొస్తానండీ."

"వెళ్ళిరా తల్లీ. ఏమీ మనసులో పెట్టుకోకు." ఆయన కష్టపడి చెయ్యి లేపి మంచం పట్టీ మీద రెండు దెబ్బలు కొట్టారు. "రైట్ రైట్."

నేను గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు వేసుకున్నాను.